ఆకుపచ్చ దారం

"వాడు ఈ గడప తొక్కాలంటే నా శవాన్ని దాటుకుని రావాలి! వెళ్ళి చెప్పు వాడికి!"

అత్తగారి గొంతు వంటింట్లోంచి వీధి గేటు దాకా వినబడింది. వినబడాలనే అరిచిందావిడ. గేటు బయట భుజాన సంచీతో నిలబడ్డ చిన్నకొడుకు తల ఎత్తలేదు. కోడలు గుమ్మంలోనే ఆగిపోయింది. అటు పోలేదు, ఇటు రాలేదు... ఎవరి మొహం చూడాలో తెలియక తన పాదాల వైపు చూసుకుంది.

ఆ ఇంటి పెద్దకొడుకు పోయి మూడు నెలలైంది. ఆ మూడు నెలలుగా ఆ తల్లి రెండో కొడుకుని కూడా పోయినవాళ్ళలోనే జమకట్టేసింది.

"అమ్మని ఒక్కసారి చూసి పోదామని వచ్చాను వదినా" అన్నాడు మరిది నెమ్మదిగా. "ఈత కొలను వాళ్ళు నన్ను మానేయమన్నారు. అన్ననే కాపాడుకోలేనివాడి చేతికి మా పిల్లల్నెలా ఇస్తామని తల్లిదండ్రులు గొడవ చేశారట. వేరే ఊళ్ళో ఏదో పని చూసుకున్నాను. నాలుగింటికి బస్సు."

'లోపలికి రా చిన్నోడా' అనాలని ఆమె ప్రాణం కొట్టుకుంది. నోరు పెగిలితేనా!

"ఇంకా ఏం ముచ్చట్లే వాడితో?" లోపల్నుంచి మళ్ళీ పిడుగు పడింది. "అన్న కాలికి ఉండాల్సిన పట్టీ తన కాలికి కట్టుకుని, తనది వాడికి కట్టిన మహానుభావుడు! సరదాకి చేశాడట, సరదాకి! నా కొడుకు నీళ్ళ అడుగున ఉంటే, వాడి నంబరు ఊరంతా తిరిగొచ్చింది!"

మరిది ఆ మాటా విన్నాడు. వదిన వైపు ఒక్కసారి చూశాడు. ఆ చూపులో నిష్ఠూరం లేదు. ఉన్నా బాగుండేది తల్లీ! కాస్త నిష్ఠూరమాడితే ఆమె గుండె బరువు అరవీసమైనా తగ్గేది. "ఆరోగ్యం జాగ్రత్త వదినా" అని, సంచీ సర్దుకుని వెనుదిరిగాడు.

ఈ కోపం ఎక్కడ పుట్టిందో చెప్పకపోతే ఆ ముసలావిడ రాక్షసిలా కనిపిస్తుంది. పాపం, ఆవిడ రాక్షసి కాదు.

పెద్దకొడుక్కి కళ్ళజోళ్ళ షాపు. పొద్దున తీసిన షట్టరు మళ్ళీ రాత్రికి దించేదాకా కుర్చీలోనే కొలువు. ముప్పై ఎనిమిదేళ్ళకే పొట్ట ముందుకొచ్చింది, ఒంట్లో చక్కెర చేరింది, మేడ మెట్లు సగం ఎక్కేసరికి ఆయాసం. తమ్ముడేమో ఈత నేర్పే మాస్టారు. "రేపట్నుంచి నాతో రా అన్నయ్యా" అని పట్టుబట్టాడు. "నేను దిగితే కొలనులో నీళ్ళన్నీ ఒడ్డు మీదికొస్తాయిరా, ఎందుకొచ్చిన గొడవ" అని నవ్వుతూనే వెళ్ళాడు ఆయన. వెళ్ళినవాడు మళ్ళీ ఆగలేదు! ఆర్నెల్లకి ఈత వచ్చింది, ఏడాదికి సైకిల్ వచ్చింది, పొద్దున్నే పరుగూ వచ్చింది. పద్నాలుగు కిలోలు తగ్గాడు. పాత ప్యాంట్లన్నీ భార్యే కుట్లు వేసి నడుము తగ్గించింది. ఇంటి దగ్గరే కుట్టుపని చేసే మనిషి, ఆమెకదో లెక్కా!

ట్రయథ్లాన్ అంటారట దాన్ని. ముందు ఒకటిన్నర కిలోమీటర్లు ఈది, ఒడ్డెక్కి తడి ఒంటితోనే సైకిలెక్కి నలభై కిలోమీటర్లు తొక్కి, దిగిన కాళ్ళతోనే పది కిలోమీటర్లు పరిగెత్తాలి. అత్తగారికి ఆ మాట నోరు తిరిగేది కాదు. 'మూడాటల పందెం' అనేది. సైకిలన్నా పరుగన్నా ఆవిడకు బెంగలేదు. నీళ్ళంటేనే హడలు.

"సైకిలు మీంచి పడితే మోకాలు చిట్లుతుంది. పరిగెత్తితే కాలు బెణుకుతుంది. నీళ్ళు అలా కాదే అమ్మాయ్... నీళ్ళకి మనిషిని ఇస్తే, తిరిగిస్తాయని పూచీ లేదు" అనేది.

అందుకే పందెం రోజున ఆవిడ పచ్చి మంచినీళ్ళు ముట్టేది కాదు. ఫోను ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది. ఆయన ఈత ముగించగానే కోడలు కంచె దగ్గర్నుంచి ఫోన్ చేసి, "ఒడ్డుకొచ్చేశారు అత్తయ్యా!" అని అరవాలి. "అమ్మయ్య! నేల మీద పడ్డాడుగా. ఇంక నాకు ముద్ద దిగుతుంది" అని అప్పుడు లేచి అన్నం పెట్టుకునేది. ఆరు పందేలు, ఆరుసార్లు అదే మాట, అదే ముద్ద.

ఇక ఆ పట్టీల సంగతి. పందెంలో ప్రతివాళ్ళూ చీలమండకి ఒక పట్టీ కట్టుకోవాలి. దానికి చిన్న చిప్పు ఉంటుంది. నీళ్ళలోంచి లేచి ఒడ్డున పరిచిన చాప తొక్కగానే, ఫలానా నంబరువాడు వచ్చాడని లెక్క పడుతుంది, ఇంట్లోవాళ్ళకి ఫోన్లోనూ కనిపిస్తుంది. మొదటి పందెంలో ఆ పట్టీ ఒరుసుకుని ఆయన కాలు రక్తం కారింది. చూసి ఆమె ఊరుకోగలదా? మెత్తటి పాత నూలుగుడ్డ పట్టీ లోపలివైపు అంచులు కలిపి కుట్టింది. లోపల ముద్రించిన నంబరు గుడ్డ కింద పడిపోయింది. దానికేం, ఆయనది నీలం దారంతో, మరిదిది ఆకుపచ్చ దారంతో కుట్టింది. అన్నదమ్ములిద్దరికీ తనే నేల మీద కూర్చుని, తన చేత్తోనే కట్టేది.

"మొగుడికి కాలిపట్టీలు పెట్టే పెళ్ళాం ఈ లోకంలో నువ్వొక్కదానివేనోయ్!" అని ఆయన వేళాకోళం చేసేవాడు.

అంతా బాగానే ఉంది. ఆమె కళ్ళే బాగాలేవు. సూదిలో దారం ఎక్కించడానికి నాలుగుసార్లు గురి చూడాల్సి వచ్చేది. "ఊళ్ళోవాళ్ళందరి కళ్ళూ చూస్తాను. నా ఇంట్లో మనిషి మాత్రం సూదితో యుద్ధం చేస్తుంది. ఒక్క గంట షాపుకి రావోయ్" అని ఏడాదిగా బతిమాలాడు. "ఈ బట్టలు ఇచ్చేసి వస్తానండీ", "వచ్చే వారం వస్తానండీ"... అలా వాయిదాలు వేసింది మహాతల్లి.

ఆ రోజు తెల్లవారుజామున జలాశయం గట్టు మీద ఇంకా మసక మసగ్గానే ఉంది. చిన్న టార్చి వెలుతురులో పట్టీలు రెండూ ఒళ్ళో పెట్టుకుంది. ఆ పసుప్పచ్చ వెలుతురులో రెండు దారాలూ ఒకేలా నల్లగా కనిపించాయి. 'ఇది నీలమేనా?' అని అడుగుదామనుకుంది. అడిగితే ఆయన మళ్ళీ కళ్ళజోడు పాట మొదలుపెడతాడు, పక్కన మరిది నవ్వుతాడు... సిగ్గేసింది. ఆ పాటి సిగ్గుకి అంత మూల్యం ఉంటుందని ఏ ఆడది అనుకుంటుంది చెప్పండి! తోచినట్టు కట్టేసింది. ఆయన ఆమె తల మీద చెయ్యి వేసి, "పైకొచ్చాక చెప్తా నీ పని" అని వెళ్ళాడు.

నాలుగొందల మంది, అందరికీ ఒకే ఎర్ర టోపీ. ఎవరు ఎవరో కన్నతల్లి కూడా పోల్చలేదు. అరగంట దాటాక మరిది ఒడ్డెక్కి పరిగెత్తడం ఆమెకు లీలగా కనిపించింది. సరిగ్గా అప్పుడే చేతిలో ఫోను మోగింది. రెండువందల పద్నాలుగు, ఒడ్డుకు చేరారు! ఆయన నంబరే! 'అయ్యో, ఆయన ముందే వెళ్ళిపోయినట్టున్నారు, నా కళ్ళు మండా' అని నవ్వుకుంటూ వెంటనే ఫోన్ చేసింది.

"ఒడ్డుకొచ్చేశారు అత్తయ్యా!"

"అమ్మయ్య!" అందావిడ.

కాసేపటికి చేతిలో పుస్తకం పట్టుకుని ఒక నిర్వాహకుడు కంచె వెంట వచ్చాడు. "రెండువందల పదిహేను తాలూకు వాళ్ళెవరైనా ఉన్నారా? నీళ్ళలోంచి వచ్చినట్టు లెక్కలో పడలేదు. సైకిలు చూస్తే స్టాండులో లేదు..."

"మా మరిదండీ!" ఉత్సాహంగా చెప్పింది ఆమె. "నా కళ్ళముందే సైకిలెక్కి వెళ్ళాడు. పట్టీ నీళ్ళలో జారిపోయి ఉంటుంది, ఏం ఫర్వాలేదు!"

ఆయన హాయిగా ఊపిరి పీల్చుకుని, చేతిలోని వైర్‌లెస్‌లో "అందరూ వచ్చేశారు" అని చెప్పాడు. కాపలా పడవలు ఒక్కొక్కటే ఒడ్డుకు తిరిగాయి. ఆమె వాటిని చూస్తూ ఫ్లాస్కులోంచి టీ పోసుకుని తాగింది. తాగిందమ్మా!

సైకిళ్ళ స్టాండు ఖాళీ అయిపోయింది. ఒక్క సైకిలు మాత్రం మిగిలింది. 'ఎవరిదో పాపం, వాళ్ళావిడ ఎంత కంగారు పడుతుందో' అనుకుంది. దాని మీద పసుప్పచ్చగా ఏదో వేలాడుతోంది. కళ్ళు చికిలించి రెండడుగులు ముందుకు వేసింది. తువ్వాలు. నిన్న ఆయన కోసం తను మడతపెట్టిన తువ్వాలు...

మళ్ళీ పడవలు వెళ్ళాయి. ఈతకి దారి గుర్తుగా నీళ్ళ మీద కట్టిన మూడో తేలుబుడ్డి దగ్గర దొరికాడు. ఆస్పత్రిలో దుప్పటి కింద నుంచి బయటికొచ్చిన కాలికి ఆకుపచ్చ దారం. ఆ ట్యూబులైటు వెలుతురులో ఎంత స్పష్టమైన ఆకుపచ్చో! "నీళ్ళలోనే గుండె ఆగింది. ముందే తీసి ఉంటే బతికేవాడా అంటే... చెప్పలేం" అన్నాడు డాక్టరు. బతికేవాడంటే ఏడ్చి చచ్చేది. బతికేవాడు కాదంటే ఏడ్చి ఊరుకునేది. ఆ 'చెప్పలేం' అన్న మాట మాత్రం ఆమెని చావనివ్వలేదు, ఊరుకోనివ్వలేదు.

"అసలు పట్టీలు ఎలా మారాయి?" అని అందరి ముందూ నిర్వాహకులు అడిగారు. ఆమె నోరు తెరిచింది. అంతలోనే మరిది, "నేనే మార్చానండీ, సరదాకి" అన్నాడు. తల్లి అక్కడే ఉంది. ఆవిడ చెయ్యి గాల్లోకి లేచి కొడుకు చెంప పగలగొట్టింది. ఆ వెంటనే కోడల్ని గుండెకు హత్తుకుని, "నాకింక నువ్వే కొడుకువే తల్లీ" అని బావురుమంది. పుట్టింటి దీపం ఎప్పుడో ఆరిపోయిన పిల్ల ఆమె. ఆ ఒక్క గుండె తప్ప తల దాచుకునే చోటు లేదు. తెరిచిన నోరు మూసుకుంది. ఆ పూట మూసిన నోరు మూడు నెలలు తెరవలేదు!

ఇదీ జరిగింది.

మరిది వెళ్ళిపోతున్నాడు. ఆమె గుమ్మంలో నిలబడి కళ్ళు తుడుచుకోవడానికి కళ్ళజోడు తీసింది. అవును, ఇప్పుడు ఆమెకు కళ్ళజోడుంది. షాపు ఖాళీ చేసేటప్పుడు సొరుగులో దొరికింది, ఆయన దస్తూరీతో 'మా ఆవిడకి. ఈ నెలలో ఎలాగైనా' అని రాసిన కవర్లో. పరీక్షకు రావడం లేదని, వీధిలో నడుస్తూ 'ఆ బోర్డు చదువు చూద్దాం, పందెం' అని ఆటలాడించి, ఆ ఆటలోనే కళ్ళజోడు నంబరు పట్టేశాడు ఆ దొంగ!

తుడిచి మళ్ళీ పెట్టుకుంది. వీధి చివరిదాకా అద్దంలా కనిపించింది. మలుపు దగ్గర చిన్నోడు గోడకు చెయ్యి ఆనించి నిలబడ్డాడు. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. ఇంటి ముందు ఏడిస్తే అమ్మ వింటుందని అక్కడిదాకా వెళ్ళి ఏడుస్తున్నాడు!

ఆమె చెప్పులైనా వేసుకోకుండా పరిగెత్తింది.

"నడు ఇంటికి!"

"వద్దు వదినా!" ఉలిక్కిపడ్డాడు. "నువ్వేం చెప్పొద్దు. నేనెలాగూ పోతున్నాను. నువ్వు అమ్మతో బతకాలి. ఆవిడకీ నువ్వే దిక్కు..."

"నువ్వు దిక్కులేనివాడివై పోతుంటే నాకు ముద్ద ఎలా దిగుతుందనుకున్నావురా? నడు!"

రెక్క పట్టుకుని లాక్కొచ్చింది. అత్తగారు పీట మీద కూర్చుని బఠాణీలు ఒలుస్తోంది. కొడుకుని చూసి, "ఎంత ధైర్యమే నీకు!" అని లేవబోయింది. కోడలు ఆవిడ కాళ్ళ దగ్గర కూలబడిపోయింది.

"పట్టీలు కట్టింది నేను అత్తయ్యా! చిన్నోడు కాదు... నాకు రంగు కనిపించలేదు. కనిపించలేదని చెప్పడానికి సిగ్గుపడ్డాను! లెక్క తప్పిందని వాళ్ళొచ్చి అడిగితే, ఏం ఫర్వాలేదని చెప్పి పడవల్ని వెనక్కి పిలిపించింది కూడా నేనే అత్తయ్యా! ఈ నోటితోనే..."

అత్తగారి చేతిలో ఒలిచిన బఠాణీ అలాగే ఉండిపోయింది. కొడుకు వైపు తిరిగింది. "నిజమేనట్రా?"

మరిది గోడకు ఆనుకుని జారి కూర్చున్నాడు. "సగం నిజమమ్మా" అన్నాడు. "మిగతా సగం వదినకీ తెలియదు. నీళ్ళలోకి దిగేముందు తెల్లారింది. అన్నయ్య తన కాలు చూసుకుని, నా కాలు చూసి నవ్వాడు. 'మీ వదిన రంగులు మార్చేసిందిరా. ఇప్పుడు విప్పామంటే కంచె దగ్గర్నుంచి చూస్తుంది, నొచ్చుకుంటుంది. పోనీలే, పైకొచ్చాక చెప్పి ఏడిపిద్దాం' అన్నాడు. అలా వెళ్ళకూడదమ్మా. నీళ్ళలో మనిషికి ఏదైనా అయితే ఆ పట్టీ ఒక్కటే చెబుతుంది. అందరికీ నేర్పే మాస్టర్ని నేను, నాకు తెలుసు! తెలిసీ 'సరే అన్నయ్యా' అన్నాను. నేనే మార్చానని ఊరికే అన్నాననుకున్నావా? మార్చుకోకపోవడం, మార్చడం... నాకు రెండూ ఒకటే అనిపించిందమ్మా!"

ఆమె చెవుల్లో ఇంకేమీ వినబడలేదు. పైకొచ్చాక చెప్తా నీ పని... అంటే కట్టేటప్పుడే అనుమానం వచ్చిందా ఆయనకి? ఆమె మనసు చిన్నబుచ్చకూడదని, ఆమె కట్టిన ముడి విప్పకూడదని, ఆ ఆకుపచ్చ దారంతోనే నీళ్ళలోకి దిగిపోయాడా? తిట్టి ఉంటే బతికేవాడు! ఒక్కసారి, ఒకే ఒక్కసారి 'గుడ్డిదానా' అని కసిరి ఉంటే...! పెళ్ళయిన పన్నెండేళ్ళలో ఒక్క మాట అనని మొగుడని వీధంతా చెప్పుకుని మురిసిపోయింది. ఇప్పుడా మంచితనాన్ని ఎక్కడ పెట్టుకుని ఏడవాలి!

అత్తగారు లేచింది. ఒళ్ళోని బఠాణీలన్నీ నేల మీద పడి నాలుగు మూలలకీ దొర్లాయి. ఎవరి మొహమూ చూడకుండా గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది.

నాలుగైంది. బస్సు వెళ్ళిపోయింది. మరిది అరుగు మీదే కూర్చున్నాడు. ఆమె నేల మీద పాకుతూ బఠాణీలు ఒక్కొక్కటే ఏరింది. మంచం కిందివీ, బల్ల వెనకవీ అన్నీ ఏరింది. కళ్ళజోడు పుణ్యమా అని ఒక్కటీ మిగల్లేదు. ఆ తర్వాత తన చీరలు నాలుగు మడతపెట్టి సంచీలో పెట్టుకుంది. పొమ్మంటే ఎక్కడికి పోవాలో తెలియదు. పొమ్మనే వరకూ ఆగకూడదని మాత్రం తెలుసు.

దీపాలు పెట్టే వేళకు తలుపు తెరుచుకుంది. అత్తగారి మొహం ఉబ్బిపోయి ఉంది. గుమ్మం దగ్గర సంచీని చూసింది.

"ఎక్కడికే?"

కోడలు సంచీని తన వైపు లాక్కుంది.

"ఎవరి తప్పెంతో తేల్చమంటే నా వల్ల కాదు" అందావిడ. గొంతులో పొద్దుటి పిడుగు లేదు. "ఒకరి మనసు ఒకరు నొప్పించకూడదనుకుని, ముగ్గురూ కలిసి నా బిడ్డని నీళ్ళకిచ్చారు. అంతే. నిన్ను చూస్తే నా కడుపు రగులుతుందే. రేపూ రగులుతుంది. అలాగని నిన్ను పొమ్మంటే వాడు ఊరుకుంటాడా? నువ్వు నొచ్చుకుంటావనేగా చచ్చాడు!"

కోడలు వెక్కివెక్కి ఏడ్చింది. ఆవిడ దగ్గరకు తీసుకోలేదు. వెనకటిలా హత్తుకోలేదు. పీట మీద కూర్చుని అడిగింది.

"ఆ రోజు ఫోన్లో ఏమన్నావు?"

"అత్తయ్యా... వద్దు అత్తయ్యా..."

"అను."

"నన్ను చంపేయండి అత్తయ్యా, ఆ మాట మాత్రం..."

"అనవే! నువ్వా మాట అన్నాక, మళ్ళీ కబురొచ్చేదాకా గంటసేపు నా కొడుకు ఒడ్డునే ఉన్నాడు. లోకానికి లేకపోయినా నాకున్నాడు. ఆ పూట కడుపునిండా తిన్నాను. ఆ తర్వాత తిన్నది ఏదీ నా గొంతు దిగలేదే... ఒక్కసారి అను."

అరుగు మీద మరిది మోకాళ్ళ మీద తల పెట్టుకున్నాడు. కోడలు రెండుసార్లు మొదలుపెట్టి ఆగిపోయింది.

"ఒడ్డుకొచ్చేశారు... అత్తయ్యా."

ముసలావిడ కళ్ళు మూసుకుంది.

"అమ్మయ్య" అంది. చాలాసేపటికి కళ్ళు తెరిచి, "చిన్నోడా, లోపలికి రా. కాళ్ళు కడుక్కో. అమ్మాయ్, కంచాలు పెట్టు" అంది.

చిన్నోడు ఆ ఇంట్లోనే ఉన్నాడు. సైకిళ్ళు బాగుచేసే కొట్లో పనికి కుదిరాడు, నీళ్ళ జోలికి మళ్ళీ పోలేదు. కోడలి చీరల సంచీ మళ్ళీ బీరువాలోకి వెళ్ళింది. అత్తాకోడళ్ళు అవసరమైనంత వరకే మాట్లాడుకుంటారు. రోజూ అన్నం వేళకు మాత్రం అత్తగారు ముద్ద కలిపి, ఎత్తకుండా, కోడలి వైపు చూస్తుంది. కోడలు తలవంచుకుని ఆ మాట అంటుంది. అన్నాక గానీ ఆవిడకు ముద్ద దిగదు.